బ్రేకర్ పెట్టె తెరిచి చూసేదెవరు?

రబీ వరి పొట్ట దశకు వచ్చేసరికి ఊరూరా వినిపించే మాట ఒకటుంది: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దానికి కరెంటాఫీసు నుంచి వచ్చే జవాబు కూడా ఏటా ఒకటే: ఓవర్‌లోడు, మోటార్లు ఎక్కువ పెట్టారు. ఆ జవాబులో నిజం లేదని మేము అనడం లేదు. కానీ అది సగం నిజమే. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టరెక్కించి షెడ్డుకు పంపే ముందు, దాని పక్కనున్న ఇనుప పెట్టెను ఒక్కసారి తెరిచి చూస్తే మిగతా సగం అక్కడ కనబడుతుంది. ఊడిన తలుపు, పనిచేయని బ్రేకర్, దాన్ని తప్పించి కట్టిన అల్యూమినియం తీగ, మసిబారిన లగ్గులు, వదులైన బోల్టులు. ఇవన్నీ ఒక్క రోజులో వచ్చినవి కావు. ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోతే వచ్చినవి.

కరెంటు కోసం రైతాంగం చేసిన పోరాటాలు చిన్నవి కావు. ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. ఆ తర్వాత తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా ప్రభుత్వాల హామీలయ్యాయి. ధర ఎంత, గంటలెన్ని అనే రెండు ప్రశ్నల మీద మనం గట్టిగానే నిలబడ్డాం. మూడో ప్రశ్న మిగిలిపోయింది: మన మోటారు దాకా కరెంటును తెచ్చే సామాను ఏ స్థితిలో ఉంది? దాన్ని ఎవరు, ఎప్పుడు చూస్తున్నారు? ఈ నెల ఆ ప్రశ్నను సభ్యుల ముందు పెడుతున్నాం.

పెట్టెలో ఏముంటుంది

ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ కరెంటును 433 వోల్టులకు దించి ఎల్‌టీ తీగలకు ఇస్తుంది. ఆ రెంటి మధ్య ఉండేదే ఎల్‌టీ పెట్టె. కొన్నిచోట్ల అందులో ఫ్యూజులుంటాయి, కొన్నిచోట్ల బ్రేకర్ ఉంటుంది. లోడు మితిమీరినా, ఎక్కడైనా తీగలు ఒకదానికొకటి తగిలినా బ్రేకర్ తనంతట తాను పడిపోయి సరఫరా ఆపాలి. ట్రాన్స్‌ఫార్మర్‌కూ మన మోటారుకూ కాపలా అదే.

బ్రేకర్ లోపల కరెంటును కలిపే, విడదీసే లోహపు ముక్కలను కాంటాక్టులంటారు. మన స్టార్టరులో పాయింట్లు అంటామే, అలాంటివే. ఒకటి కదలదు, రెండోది స్ప్రింగు ఒత్తిడితో వచ్చి దానికి గట్టిగా ఆనుకుంటుంది. బ్రేకర్ తెరుచుకున్న ప్రతిసారీ ఆ రెంటి మధ్య నిప్పు పుడుతుంది. మామూలు లోడు మీద అది చిన్న నిప్పు. షార్టు సర్క్యూట్ మీద తెరుచుకుంటే లోహాన్ని కరిగించేంత నిప్పు. అలా కొన్నిసార్లు జరిగాక కాంటాక్టు ముఖం గుంటలు పడుతుంది, అరుగుతుంది. లోపల స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది. వీటికి తోడు బయట తీగలు బిగించే చోట దుమ్ము, తేమ, వదులు.

దీని ఫలితం చిన్న లెక్కతో తెలుస్తుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద ఫేజుకు 84 ఆంపియర్ల దాకా ఇస్తుంది. 80 ఆంపియర్లు పారే చోట అతుకు నిరోధం ఒక మిల్లీ ఓము ఉంటే అక్కడ పుట్టే వేడి 6.4 వాట్లు. అది పెట్టెకు లెక్కలోది కాదు. అదే అతుకు వదులై, మసిపట్టి నిరోధం పది మిల్లీ ఓములకు చేరితే వేడి 64 వాట్లు. అంటే వెనకటి 60 వాట్ల బల్బును మూసిన పెట్టెలో, బ్రేకర్ ఒంటికి ఆనించి, కరెంటున్నంత సేపూ వెలిగించినట్టే. వేడికి లోహం పైన చిలుం పెరుగుతుంది, చిలుంతో నిరోధం పెరుగుతుంది, నిరోధంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

పాడైన కాంటాక్టు చేసే మూడు నష్టాలు

మొదటిది, బ్రేకర్ ఊరికే పడిపోతుంది. ఈ రకం బ్రేకర్లు చాలావరకు వేడిని బట్టి కూడా పనిచేస్తాయి. లోడు ఎక్కువై వేడెక్కిందా, అతుకు పాడై వేడెక్కిందా అన్న తేడా దానికి తెలియదు. లోడు హద్దులోనే ఉన్నా పడిపోతుంది. నాలుగైదు రోజులు ఇలా జరిగితే విసిగిన మనుషులు దాన్ని తప్పించి తీగతో డైరెక్టు కట్టేస్తారు. ఆ రోజు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు కాపలా లేదు. గాలివానకు వదులు తీగలు తగులుకుంటే షార్టు భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు మీద పడుతుంది. పైన 11 కేవీ ఫ్యూజు కూడా లావు తీగతో కట్టి ఉంటే ఇక అడ్డేమీ ఉండదు. బుషింగు దగ్గర అతుకు కాగిపోతే ఇంకో దారిలో నష్టం. అక్కడి రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి పగులుతుంది, నూనె కారుతుంది, మట్టం తగ్గుతుంది. చివరికి కాలిపోయేది ట్రాన్స్‌ఫార్మర్, కాగితం మీద రాసేది ఓవర్‌లోడు.

రెండోది, మూడు కాంటాక్టుల్లో ఒకటి సరిగా ఆనకపోతే ఒక ఫేజు పోతుంది. నడుస్తున్న మోటారు మిగతా రెండు ఫేజుల మీద దాదాపు 1.7 రెట్ల కరెంటు లాగుతుంది. ఆగి ఉన్న మోటారైతే తిరగదు, బొయ్యిమని మూలుగుతూ కాయిల్ కాలిపోతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే సరిగా లేని మోటార్లన్నీ ఒకే రాత్రి పోయే ప్రమాదముంది. వైండింగు ఖర్చు రైతుది. బోరు నుంచి మోటారు తీయించే ఖర్చు రైతుది. ఈలోగా ఎండిన పొలం కూడా రైతుదే.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. కాంటాక్టులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతే బ్రేకర్ పడిపోవలసినప్పుడు పడదు. హ్యాండిల్ కిందికి వచ్చినా లోపల ఒక ఫేజు కలిసే ఉండవచ్చు. హ్యాండిల్ చూసి కరెంటు లేదనుకుని తీగ ముట్టుకున్న మనిషి బతకడు. అందుకే టెస్టరుతో మూడు ఫేజులూ చూడకుండా, తీగలను ఎర్త్ చేయకుండా ఏ లైన్‌మనూ పని మొదలుపెట్టకూడదన్న నియమం ఉంది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. బ్రేకర్ బాగుంటే అన్ని ప్రమాదాలూ ఆగవు. ఎండిన నేల మీద తెగిపడిన తీగ చాలాసార్లు బ్రేకర్ పడిపోయేంత కరెంటు లాగదు. కాబట్టి తెగిన తీగకు దూరంగా ఉండి కబురు చెప్పడం తప్ప దారి లేదు. కానీ ఆపగలిగిన ప్రమాదాలను కూడా ఆపకుండా వదిలేయడానికి అది సాకు కాకూడదు.

తనిఖీ అంటే ఏమిటి

దూరం నుంచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం తనిఖీ కాదు. మా లెక్కలో ఒక్కో పెట్టెకు ఏడాదికి రెండు తనిఖీలు కావాలి.

ఒకటి లోడు మీద. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోటార్లన్నీ నడుస్తున్నప్పుడు సిబ్బంది వేడి కొలిచే పరికరంతో పెట్టెను దూరం నుంచే చూడవచ్చు. మూడు ఫేజుల్లో కరెంటు ఇంచుమించు సమానంగా ఉండి, ఒక ఫేజు అతుకు మాత్రమే మిగతా రెంటికంటే బాగా కాగుతుంటే తప్పు అక్కడుంది. క్లాంప్ మీటరుతో లోడు కూడా అప్పుడే కొలిస్తే ఓవర్‌లోడు ఉందో లేదో అంకెల్లో తేలుతుంది. ఆ అంకె లేకుండా రైతుల మీద నింద వేయడం కుదరదు.

రెండోది కరెంటు ఆపి. కోతలు అయిపోయి, ఏరువాకకు ముందు బావులు ఖాళీగా ఉండే రోజుల్లో ఎల్‌సీ తీసుకుని చేయాలి. దుమ్ము, సాలెగూళ్లు, తొండల గూళ్లు తీయాలి. ప్రతి బోల్టునూ తయారీదారు చెప్పినంత బిగువుకు బిగించాలి. తక్కువైతే కాగుతుంది, ఎక్కువైతే లగ్గు నలిగి మళ్లీ వదులవుతుంది. అల్యూమినియం తీగ రాగి లేదా ఇత్తడి మీద నేరుగా కూర్చున్న చోట తేమ తగిలి లోహం తినేస్తుంది. అక్కడ రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటాలిక్ లగ్గు, దానికి తగిన జాయింటు పేస్టు పెట్టాలి. రంగు మారిన, కాలి పెళుసెక్కిన లగ్గును బిగించి లాభం లేదు, మార్చాలి. తర్వాత బ్రేకర్‌ను నాలుగైదుసార్లు వేసి తీయాలి. ఏళ్ల తరబడి కదలని యంత్రం అవసరమైన రోజున బిగుసుకుపోతుంది. ఆపైన మూడు పోళ్ల నిరోధం కొలవాలి. ఒక పోలు రీడింగు, అన్నిటికంటే తక్కువ ఉన్న పోలు కంటే సగానికి మించి ఎక్కువైతే ఆ బ్రేకర్‌ను నమ్మకూడదు.

ఇందులో తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. సబ్‌స్టేషన్లలో, పెద్ద ఎత్తిపోతల పథకాల పంపుహౌసుల్లో ఉండే పెద్ద ఎయిర్ బ్రేకర్లను విప్పి కాంటాక్టులను కళ్లతో చూడవచ్చు. అరుగుదల, స్ప్రింగు ఒత్తిడి, మూడు పోళ్లూ ఒకేసారి ఆనుతున్నాయా, నిప్పును చల్లార్చే ఆర్క్ చూట్లు పగిలాయా అన్నవి చూసి, అరిగినవి మార్చవచ్చు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉండే అచ్చుపోసిన పెట్టె రకం బ్రేకర్ అలా కాదు. అది మూసి సీలు వేసి వస్తుంది. దాన్ని విప్పి బాగుచేయకూడదు. బయటి అతుకులు చూడటం, నడిపించి చూడటం, కొలవడం, తేడా ఉంటే మొత్తం మార్చడం, ఇదే పని. హెచ్‌వీడీఎస్ కింద పెట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్నింటికి బ్రేకర్ నూనెలోనే ఉంటుంది. అక్కడ నూనె మట్టం, హ్యాండిల్ కదలిక, లోడు రీడింగు చూడటం మరింత అవసరం.

ఏ రకమైనా ఒక నియమం ఉమ్మడి: పెద్ద షార్టు సర్క్యూట్ మీద పడిపోయిన బ్రేకర్‌ను చూడకుండా మళ్లీ వేయకూడదు. ఇవాళ జరుగుతున్నదేమిటి? పడితే వేయడం, మళ్లీ పడితే మళ్లీ వేయడం, మూడోసారికి డైరెక్టు కట్టడం.

డిస్కంల వాదనలకు మా జవాబు

ఉచిత కరెంటుకు ఇంతకంటే ఏం చేస్తామనే మాట కింది స్థాయిలో తరచూ వినిపిస్తుంది. రైతుకు ఉచితమే గానీ డిస్కంకు ఉచితం కాదు. రాయితీ ఇవ్వాలనుకున్న రాష్ట్ర ప్రభుత్వం ఆ మొత్తాన్ని ముందుగా డిస్కంకు చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. ప్రభుత్వం సకాలంలో చెల్లించకపోతే అది ఆ రెండింటి మధ్య తగాదా. దాని భారం బోరు దగ్గరి రైతు మీద వేయడం న్యాయం కాదు. పైగా నిర్వహణ, మరమ్మతుల ఖర్చును డిస్కంలు ఏటా విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టే ఆదాయ అవసరాల లెక్కల్లో చూపుతూనే ఉన్నాయి. అందులో ఎల్‌టీ పెట్టెలకు ఎంత ఖర్చయిందో బహిరంగ విచారణలో అడిగే హక్కు మనకుంది.

సిబ్బంది లేరన్నది రెండో వాదన. ఇది నిజమే, ఈ విషయంలో లైన్‌మన్లు మన శత్రువులు కారు. ఒక్క మనిషి ఎన్నో ఊళ్లు తిరుగుతూ, చేతి తొడుగులు కూడా సరిగా లేక ప్రాణాలకు తెగించి పనిచేస్తున్నాడు. ఖాళీలు నింపాలని వారి సంఘాలు అడుగుతుంటే మనం కలిసి అడగాలి. కానీ సిబ్బంది కొరతకు బదులు రైతు పెట్టెలో చేయి పెట్టాలనడం ఏ చట్టంలోనూ లేదు. లైన్ల మీద పని చేయాల్సింది శిక్షణ పొంది, ఆ పనికి నియమితులైన వారే. ఫ్యూజు వేయబోయి చనిపోయిన రైతును నిర్లక్ష్యంగా వ్యవహరించాడని రాసే ముందు, ఆ రోజు అతను ఎవరికి ఫోన్ చేశాడో, ఎంతసేపు ఎదురుచూశాడో కూడా రాయాలి. ప్రాణనష్టం జరిగిన ప్రమాదం గురించి అధికారులకు తెలపాలనీ, విచారణ జరిపించవచ్చనీ అదే చట్టం 161వ సెక్షన్‌లో ఉంది. విచారణలో ఎల్‌టీ పెట్టె చివరిసారి ఎప్పుడు తనిఖీ అయిందన్న ప్రశ్న తప్పక ఉండాలి.

ఓవర్‌లోడు మూడో వాదన. నిజంగా లోడు మించితే అదనపు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడమే పరిష్కారం. దానికి రైతులు దరఖాస్తు చేసి డబ్బు కట్టి ఎదురుచూస్తున్న చోట్ల ఆలస్యం ఎవరిదో కూడా చెప్పాలి.

మన వైపు నుంచి జరగాల్సింది

ఎదుటివారిని అడిగేటప్పుడు మన పని మనం చేసి ఉండాలి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా మొదలయ్యే క్షణంలో దానికి ఆరు రెట్ల వరకు లాగుతుంది. పది మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే పదీ ఒకేసారి లేస్తాయి. ఆ క్షణంలో 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేది దాని శక్తికి అయిదు రెట్లు. బ్రేకర్ మీదా అతుకుల మీదా అది పెద్ద భారమే. ఆటో స్టార్టర్లు తీసేయడం, ఒకరి తర్వాత ఒకరు మోటారు వేసుకోవడం, సరైన కెపాసిటర్ పెట్టుకోవడం పైసా ఆశించకుండా మనం చేయగలిగినవి. లోడు దాచకుండా రాయించుకుంటేనే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడగడానికి నోరుంటుంది.

మన స్టార్టరులోని పాయింట్ల సంగతీ ఇంతే. మెయిన్ తీసేసి, టెస్టరుతో చూసుకున్నాక, తెలిసిన మెకానిక్ చేతనే పని చేయించాలి. వెండి మిశ్రమం పూత ఉన్న పాయింట్లు కొంచెం నల్లబడినంత మాత్రాన పాడైనట్టు కాదు. వాటిని ఆకురాయితో, గరుకు కాగితంతో రుద్దితే అసలు లోహమే పోతుంది, పొడి లోపల చేరి కొత్త తంటా తెస్తుంది. లోతుగా గుంటలు పడితే మూడు ఫేజుల పాయింట్లనూ స్ప్రింగులతో సహా ఒకేసారి మార్చాలి. ఒకటి మాత్రమే మారిస్తే మూడూ సమానంగా ఆనవు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి పెట్టె మాత్రం మనది కాదు. అది డిస్కం ఆస్తి, దాని బాగోగులు డిస్కం బాధ్యత. ఏబీ స్విచ్ దించినా మూడు బ్లేడ్లూ విడిపోయాయన్న నమ్మకం లేదు. ఎంత తొందరున్నా, ఎంత పైరు ఎండుతున్నా ఆ పెట్టెలో చేయి పెట్టవద్దని ప్రతి సభ్యుడినీ కోరుతున్నాం. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. గ్రామీణ ప్రాంతంలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని నియంత్రణ మండలి సేవా ప్రమాణాల్లో ఉంది. ఆ గడువుకు లెక్క మొదలయ్యేది మన ఫిర్యాదు నుంచే. నంబరు లేని ఫిర్యాదు నోటి మాటగానే పోతుంది.

మా డిమాండ్లు

ఒకటి: ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ పెట్టెకు ఏడాదికి ఒకసారి లోడు మీద, ఒకసారి కరెంటు ఆపి తనిఖీ జరగాలి. రెండోది జూన్‌లోపు పూర్తి కావాలి.

రెండు: తనిఖీ తేదీ, మూడు ఫేజుల లోడు, చేసిన పని, చేసినవారి హోదా పెట్టె తలుపు లోపల చెరగని కార్డు మీద తెలుగులో రాయాలి.

మూడు: తలుపు లేని, డైరెక్టు కట్టిన పెట్టెల జాబితాను మండలాల వారీగా ప్రకటించి, పని చేసే బ్రేకర్లు బిగించాలి. సబ్‌స్టేషన్లలో అదనపు బ్రేకర్లు, బైమెటాలిక్ లగ్గులు నిల్వ ఉండాలి.

నాలుగు: లైన్‌మన్ ఖాళీలు భర్తీ చేయాలి. ఉన్నవారికి ఎర్తింగు రాడ్లు, తొడుగులు, వేడి కొలిచే పరికరాలు ఇవ్వాలి.

ఐదు: కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మోసుకుపోయే ఖర్చు రైతులు చందాలేసుకుని భరించే పద్ధతి ఆగాలి. ప్రతి వైఫల్యానికీ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఒక పెట్టెను శుభ్రం చేసి బిగించడానికి ఇద్దరు మనుషులకు పూటలో కొంత భాగం చాలు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ పోతే దాని కింది పొలాలన్నీ రోజుల తరబడి ఎండుతాయి. ఏది చౌకో చెప్పడానికి నిపుణుల కమిటీ అక్కర్లేదు.

ఈ నెలలో గ్రామ కమిటీలు ఒక పని చేయాలి. మీ ఊళ్లోని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి, పెట్టెను ముట్టకుండా కంచె బయట నుంచే చూసి నాలుగు విషయాలు రాయండి: ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, తలుపు ఉందా, బ్రేకర్ ఉందా లేక తీగ కట్టి ఉందా, నూనె కారుతోందా. ఆ జాబితా ఒక ప్రతి సెక్షన్ ఆఫీసులో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. నెల తిరిగేలోగా కదలిక లేకపోతే అదే కాగితంతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్దాం. అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మండలి బహిరంగ విచారణలో మన మాట నిలబడాలంటే చేతిలో ముద్ర వేసిన కాగితాలుండాలి.